పాత టీవీ ప్రకటనల పేరడీ: మీ మిక్సీ పేలకూడదు, పనిచెయ్యాలి

అమ్మా, మీ ప్రశ్న, మీ స్క్రిప్టు రెండూ రెండేసిసార్లు చదివాను. శ్రీకాకుళంలో మీ డిగ్రీ కాలేజీ వార్షికోత్సవానికి పది నిమిషాల స్కిట్ రాసుకున్నారు. దూరదర్శన్ రోజుల్లో మిక్సీ, కుక్కర్, వాక్యూమ్ క్లీనర్ లాంటి వాటికి వచ్చిన ప్రకటనల మీద పేరడీ. రిహార్సల్లో లెక్చరర్లు పడీపడీ నవ్వారు, మీ క్లాసు వాళ్ళు మాత్రం ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. "మేమెవరమూ ఆ ప్రకటనలు చూసి పెరగలేదు, యూట్యూబ్‌లో చూసి రాశాం, ఎక్కడ తప్పింది?" అని అడిగారు.

తప్పింది రెండో నిమిషంలో. అక్కడ మీ మిక్సీ పేలిపోతుంది. అది పేలగానే ప్రకటన అయిపోయింది. ఆ తర్వాత ఎనిమిది నిమిషాలూ అత్త అరవడం, మొగుడు పరిగెత్తడం, జార్ పట్టుకుని పెళ్ళాం వెంటపడటం. ఇది ప్రతి కాలేజీ ఫంక్షన్‌లోనూ వేసే మొగుడూపెళ్ళాల గొడవే, ప్రకటనకు పేరడీ కాదు. లెక్చరర్లు నవ్వింది మీ మాటలకు అనుకోకండి. మొదట్లో మీరు పెట్టిన ఆ పాత ప్రకటన పాట వినగానే వాళ్ళకి చిన్నప్పటి ఇల్లు, ఆదివారం పొద్దున్న పక్కింట్లో చాప మీద కూర్చుని రామాయణం చూసిన రోజులు గుర్తొచ్చి నవ్వారు. ఆ జ్ఞాపకం మీ క్లాసు వాళ్ళకి లేదు. లేనిదాన్ని ముందు మీరే ఇవ్వాలి. ఎలా ఇవ్వాలో చెప్తాను, కొంచెం పెద్ద సమాధానమే అవుతుంది.

నాది విజయనగరం. 1986 నుంచి ఏడేళ్ళు గంటస్తంభం దగ్గర ఒక ఇంటి సామాన్ల షాపులో డెమో చేసేవాడిగా పనిచేశాను. మిక్సీ, గ్రైండర్, కుక్కర్, ఇస్త్రీపెట్టె, ఏది కొత్తగా వస్తే అది జనం ముందు ఆడించి చూపించడమే నా పని. ఆ తర్వాత ఉద్యోగం మారింది గానీ, ఈ రెండు జిల్లాల్లో స్టేజీ మీద హాస్యం రాయడం, వేయించడం ముప్ఫై ఏళ్ళుగా వదల్లేదు. ఈ విషయాన్ని రెండువైపుల నుంచీ చూశాను కాబట్టి ఇంత గట్టిగా మాట్లాడుతున్నాను.

ముందు ఆ ప్రకటన ఎలా పనిచేసేదో చూడండి. మన దేశంలో టీవీలో వ్యాపార ప్రకటనలు 1976 జనవరి 1న మొదలయ్యాయి. 1982లో రంగులొచ్చాయి. మన ఊళ్ళలో డాబాల మీద యాంటెన్నాలు లేచింది ఎనభైల మధ్యలో, దేశమంతటా ట్రాన్స్‌మిటర్లు పెరిగినప్పుడు. ఉన్నది ఒక్క ఛానెల్. మార్చుకోవడానికి ఇంకోటి లేదు కాబట్టి ప్రకటన కూడా కార్యక్రమంలాగే చూసేవాళ్ళం. వీడియోకాన్ వాషింగ్ మెషిన్ పాట ఇంగ్లీషులో ఉన్నా, బట్టలు చెరువులో ఉతికే ఇళ్ళ పిల్లలు కూడా దాన్ని తప్పులతోనే పాడుకునేవారు.

ఆ ప్రకటనల్లో ముందుగా అమ్మేది వస్తువుని కాదు, కష్టాన్ని. మొదటి ఎనిమిది పది సెకన్లు ఒకావిడ నుదుటి చెమట తుడుచుకుంటూ ఉంటుంది. వెలుతురు తక్కువ, సంగీతం ఏడుపుగొట్టు. గిన్నె జారిపోతుంది, ఉల్లిపాయ కళ్ళలో పడుతుంది, భర్త గడియారం చూసుకుంటాడు. మామూలుగా ఏ ఇంట్లోనూ ఎవరూ ఉల్లిపాయ తరగడానికి అంత యుద్ధం చెయ్యరు. ఆ ప్రకటనలో మనిషికి మాత్రం చేతులు సరిగ్గా పనిచెయ్యవు. అప్పుడు పక్కింటావిడ వస్తుంది, పెట్టె తెరుచుకుంటుంది, వెలుతురు వస్తుంది, వీణో సితారో మోగుతుంది. భర్త నవ్వుతాడు. ప్రెస్టీజ్ కుక్కర్ ప్రకటన గుర్తుందా అని మీ అమ్మగారిని అడగండి. భార్య మీద ప్రేమ ఉన్నవాడు ఈ కుక్కర్ కాదనలేడు అని హిందీలో ఒక నినాదం ఉండేది. కొనేది ఆయన, ప్రేమ ఆయనది, వంట మాత్రం ఆవిడది. ఆ అమరిక గట్టిగా గుర్తుపెట్టుకోండి, మీ స్కిట్‌కి అదే ఆయువుపట్టు.

పాతతరం కవి జరుక్ శాస్త్రి గారు శ్రీశ్రీ పద్యాలకు పేరడీలు కట్టినప్పుడు నడక అలాగే ఉంచి సరుకు మార్చారు. నడక చెడితే చదివేవాడికి ఏది దేనికి పేరడీయో తెలియదు. ప్రకటనకి కూడా నడక ఉంది: కష్టం, పక్కింటావిడ, పెట్టె, వెలుతురు, పాట, ధర. మీ క్లాసు వాళ్ళకి ఆ నడక తెలియదు కాబట్టి, మొదటి నలభై సెకన్లు ఒక్క జోకు లేకుండా నిజం ప్రకటనలా ఆడండి. ఒక మామూలు కుక్కర్‌కి. శ్రద్ధగా, అందంగా, పాటతో సహా. చూసేవాడు "ఓహో, ఆ రోజుల్లో ఇలా ఉండేదన్నమాట" అనుకోవాలి. ఆ తర్వాత రెండో ప్రకటన మొదలుపెట్టండి, అదే నడక, అదే పాట. ఇక అక్కడ మీరు ఏ అడుగు పక్కకి వేసినా ఇరవై ఏళ్ళ పిల్లాడికి కూడా తెలుస్తుంది.

ఇప్పుడు ఆ పేలడం సంగతి. 1988 వేసవి అనుకుంటాను, ఊళ్ళో ఎగ్జిబిషన్ పెట్టారు. మా షాపు వాళ్ళు ఒక స్టాల్ తీసుకున్నారు. నాకు పని నేర్పిన సీనియర్ ఒకాయన డెమో చేస్తున్నాడు. తెల్ల చొక్కా, తెల్లగుడ్డ పరిచిన బల్ల, మూడు జార్లు, స్టీలు పళ్ళెంలో కొబ్బరి ముక్కలు, పచ్చిమిరపకాయలు. ముందు వరసలో ఆడవాళ్ళు, వెనకాల పిల్లలు. ఆయనకి ఒక పద్ధతి ఉండేది. "అమ్మా, నేను నలభై లెక్కపెడతాను, నలభై అనేసరికి మీ రోట్లో అరగంట నూరిన పచ్చడి" అని మొదలుపెట్టేవాడు. పైకి లెక్కపెడుతూ మిక్సీ తిప్పేవాడు. షాపువాళ్ళు డెమోకి పాత మూత ఇచ్చారు, దాని రబ్బరు వాసరు సాగిపోయి ఉంది. ఆ సంగతి ఆయన పొద్దున్నే చెప్పాడు కూడా, ఎవరూ పట్టించుకోలేదు. సరిగ్గా ఇరవై అన్నప్పుడు మూత లేచిపోయింది. పచ్చడి ఆయన చొక్కా మీద, గడ్డం మీద, ముందువరస చీరల మీద. జనం ఒక్కసారిగా నిశ్శబ్దం. పాపం అన్న నిశ్శబ్దం అది.

ఆయన అరచెయ్యి జార్ మీద అదిమి పట్టుకుని, అదే గొంతుతో, "ఇరవై ఒకటి, ఇరవై రెండు, ఇరవై మూడు" అన్నాడు.

అప్పుడు లేచింది నవ్వు. మూత ఎగిరినప్పుడు కాదు, ఇరవై ఒకటి అన్నప్పుడు. నలభై దాకా లెక్కపెట్టి, స్విచ్ ఆపి, చొక్కా మీది పచ్చడి వేలితో తీసి "అమ్మా, మెత్తగా ఉందో లేదో మీరే చూడండి" అని చెయ్యి చాపేసరికి పిల్లలు కింద కూర్చుని నవ్వుతున్నారు. ఆ పూట రెండు మిక్సీలు అమ్ముడయ్యాయి. ఆయన నవ్వించడానికి చెయ్యలేదు. యజమాని వెనకాల నిలబడి ఉన్నాడు, డెమో ఆగితే ఉద్యోగం పోతుందని ఆయన భయం. ఆ భయంతో ఆయన ప్రకటనని వదల్లేదు. నేను రాసిన ప్రతి హాస్యంలోనూ ఆ "ఇరవై ఒకటి" కోసమే వెతుకుతాను. మీ స్కిట్‌లో మిక్సీ పేలాక అందరూ అరుస్తారు. అందరూ అరిచేచోట నవ్వు పుట్టదమ్మా. ఏం జరిగినా ప్రకటన చెప్పే అమ్మాయి మాత్రం చిరునవ్వుతో తర్వాత వాక్యం చెప్పాలి.

ఈ రకం హాస్యం ముందు ముదిరింది అమెరికాలో, ఎందుకంటే అక్కడ టీవీలో గాడ్జెట్లు అమ్మే పద్ధతి మనకంటే ఎన్నో ఏళ్ళ ముందే వచ్చింది. రెండు ఉదాహరణలు మీకు నేరుగా పనికొస్తాయి. 1955 నవంబరులో 'ది హనీమూనర్స్' అనే కార్యక్రమంలో ఒక భాగం వచ్చింది. అందులో నటుడు జాకీ గ్లీసన్‌ది బస్సు డ్రైవరు పాత్ర, ఆర్ట్ కార్నీది అతని స్నేహితుడి పాత్ర. ఇద్దరూ కలిసి వంటింట్లో పది పనులు చేసే ఒక పనిముట్టుని కుప్పలుగా కొని, టీవీలో ప్రత్యక్ష ప్రసారంలో అమ్మబోతారు. రిహార్సల్లో డ్రైవరు మహా ధీమాగా ఉంటాడు, స్నేహితుడికి పాఠాలు చెప్తాడు. కెమెరా ఆన్ అవగానే డ్రైవరు బిగుసుకుపోతాడు, మాట రాదు, చేతులు వణుకుతాయి. ఆఖరికి సెట్టే కూలుతుంది. అక్కడ హాస్యం మనిషి విరిగిపోవడంలో ఉంది. ఇది కష్టమైన దారి. ఒక్క గొప్ప నటుడు ఉండాలి, ధీమాగా ఉన్న మనిషిని ముందు ఐదు నిమిషాలు చూపించాలి. కాలేజీ పిల్లలకి నేను ఇది చెప్పను.

రెండోది 1976 ఏప్రిల్‌లో 'సాటర్డే నైట్ లైవ్' అనే కార్యక్రమంలో హాస్యనటుడు డాన్ అక్రాయిడ్ చేసిన పేరడీ ప్రకటన. ఆ రోజుల్లో అక్కడ పోపీల్ కుటుంబం వాళ్ళ కూరగాయలు తరిగే పరికరాల ప్రకటనలు టీవీలో తెగ వచ్చేవి. ఊపిరి తిప్పుకోకుండా మాట్లాడటం, చివర్లో "ఇంకా ఉంది" అని ఒక వస్తువు కలపడం వాటి పద్ధతి. అక్రాయిడ్ అదే వేగంతో, అదే నవ్వుతో మాట్లాడుతూ ఒక పచ్చి చేపని తలా తోకా ముళ్ళతో సహా మిక్సీలో వేసి తిప్పేస్తాడు. పక్కన ఒకావిడ ఆ గ్లాసు తాగి చాలా బాగుందంటుంది. రెండు మూడు నిమిషాలు, అంతే. దాన్ని ఇప్పటికీ చెప్పుకోవడానికి కారణం చేప కాదు. మిక్సీ పాడవలేదు, చేప నలిగింది, ఆవిడ తాగింది. ప్రకటన చెప్పిన ప్రతి మాటా అక్షరాలా నిజమైంది. వస్తువు చెప్పినట్టే పనిచేసింది, కానీ ఆ పని ఎవడికి కావాలి? ఆ ప్రశ్న నటుడు అడగడు, చూసేవాడు అడుగుతాడు. మీకు ఈ దారి. దీనికి కావలసింది గొప్ప నటన కాదు, సాధన, వేగం, చెక్కుచెదరని శ్రద్ధ.

జపాన్‌లో 'చిందోగు' అని ఒక సరదా కళ ఉంది, పనికిరాని పరికరాలు తయారుచెయ్యడం. వాళ్ళ మొదటి నియమాల్లో ఒకటి, ఆ వస్తువు నిజంగా ఉండాలి, చేత్తో పట్టుకునేలా ఉండాలి. స్టేజీకి కూడా అంతే. మీ స్క్రిప్టులో "ఒక వింత యంత్రం" అని రాసి ఊరుకున్నారు. అది అట్టపెట్టె అయినా సరే, దాని మీటలు, రంధ్రాలు, వైరు, అన్నీ చూసేవాడికి కనిపించాలి.

ఇక మీకోసం ఒకటి కట్టి చూపిస్తాను. నచ్చితే వాడుకోండి, మార్చుకోండి.

మీ ఫంక్షన్ ఫిబ్రవరి చివర్లో అన్నారు. లేత పనసకాయల రోజులు. పనసపొట్టు తరగడం ఎంత పనో మన రెండు జిల్లాల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. కాబట్టి యంత్రం పేరు 'పనసోమాటిక్ డీలక్స్'. మనిషి పట్టేంత ఫ్రిజ్ అట్టపెట్టె తెచ్చుకోండి. పైన ఒక పెద్ద కంత, కింద ఒక చిన్న కంత, ముందు మూడు అంకెలతో నొక్కే బటన్లు. పైనుంచి కాయ వేస్తే కిందనుంచి పొట్టు రావాలి. లోపల ఎవరున్నారు? ఇంటాయన. కత్తి, చెక్కతో కూర్చుని కొడుతూ ఉంటాడు. ఈ సంగతి మొదట చూసేవాళ్ళకి చెప్పకండి. టకటకా శబ్దం మాత్రం వినిపించాలి.

ప్రకటన చెప్పే అమ్మాయి పుస్తకాల తెలుగులో, తియ్యగా:

"ప్రియమైన గృహిణులారా! పనసకాయ తరిగి తరిగి మీ కోమలమైన చేతులు అలసిపోయాయా? ఇక చింత లేదు. కాయను ఇక్కడ వేయండి. బటన్ నొక్కండి. పొట్టు ఇక్కడ స్వీకరించండి."

పక్కింటావిడ మన మాటలో: "ఒలమ్మో! ఇంత కాయ అప్పుడే తరిగేసిందేటి! కరెంటు ఎంత కాలుద్దే?"

"కరెంటు అవసరమే లేదు. ఉదయం రెండు ఇడ్లీలు, సాయంత్రం ఒక టీ. అంతే!"

ఇక్కడ మొదటి అనుమానం వస్తుంది. కొంతమందే నవ్వుతారు. ఆగకుండా ముందుకి పొండి.

"దీనిలో మూడు వేగాలున్నాయి. ఒకటి, మామూలు రోజులకు. రెండు, బంధువులు వచ్చినప్పుడు. మూడు, మామగారి ఊరినుంచి ఫోన్ వచ్చినప్పుడు."

మూడు నొక్కగానే లోపల టకటక జోరందుకోవాలి. ఆ శబ్దం ఆగి, పెట్టెలోంచి చెమటపట్టిన చెయ్యి ఒకటి కింద కంతలోంచి బయటికొచ్చి, అరచెయ్యి తెరిచి ఆగుతుంది. పక్కింటావిడ అదిరిపడుతుంది. అమ్మాయి అదే చిరునవ్వుతో స్టీలు గ్లాసు ఆ చేతిలో పెట్టి, "యంత్రం నాలుగు గంటలకు స్వయంగా గుర్తుచేస్తుంది!" అంటుంది. ఇదే మీ ఇరవై ఒకటి. హాలు ఇక్కడ లేస్తుంది, నా మాట నమ్మండి. చెయ్యి వచ్చాక, గ్లాసు పెట్టేముందు మనసులో రెండు అంకెలు లెక్కపెట్టాలి. తొందరపడితే పోతుంది, మూడో అంకె దాకా ఆగినా పోతుంది.

తర్వాత ధర, ఎక్స్ఛేంజ్ ఆఫర్. "మీ ఇంట్లో మూలన పడి ఉన్న పాత మోడల్ తీసుకురండి" అనగానే పక్కింటావిడ పరుగున వెళ్ళి తన ఇంటాయన్ని చెయ్యిపట్టుకుని తీసుకొస్తుంది. ఆయన చేతిలో పేపరు ఇంకా అలాగే ఉండాలి. అమ్మాయి ఆయన్ని చుట్టూ తిరిగి చూసి, భుజం మీద వేలితో తట్టి, "క్షమించండి, దీనికి స్టార్టింగ్ ట్రబుల్ ఉంది" అంటుంది. చాలు.

చూశారా, ఎక్కడా ఏదీ పేలలేదు. యంత్రం చెప్పినట్టే పనిచేసింది. పాత ప్రకటనలో ఆయన కొన్నాడు, ఆవిడ వండింది. ఇక్కడ ఆ అమరిక తిరగబడింది, అంతే. వ్యాఖ్యానం ఒక్క ముక్క లేదు. ఎవరూ "ఆడవాళ్ళ కష్టం గుర్తించండి" అని ముందుకొచ్చి చెప్పకూడదు. అలా చెప్తే అంతవరకూ కట్టిందంతా నీళ్ళపాలు.

ఇంకో మాట, ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యం. మీ స్క్రిప్టులో మిక్సీ కొన్న ఇల్లాలిని తెలివితక్కువదానిలా రాశారు. స్విచ్ ఎక్కడుందో తెలియదు, జార్‌లో చెంచా పెట్టి తిప్పుతుంది, అంతా నవ్వుతారు. దయచేసి అది తీసెయ్యండి. నేను ఏడేళ్ళు ఆ ఆడవాళ్ళ ముందే నిలబడ్డాను. వాళ్ళు అడిగినన్ని మంచి ప్రశ్నలు ఇంజనీర్లు కూడా అడగరు. మినపప్పు వేడెక్కితే ఇడ్లీ గట్టిపడదా? బుష్ అరిగిపోతే ఇక్కడ దొరుకుతుందా? వోల్టేజీ తక్కువున్నప్పుడు మోటారు కాలదా? అసలు మన మిక్సీలు అలా పుట్టినవే. విదేశీ మిక్సీలు మెత్తటి పనులకి చేసినవి, మన పప్పు రుబ్బుడికి మోటార్లు కాలిపోయేవి. 1960లలో సత్యప్రకాశ్ మాథుర్ అనే ఇంజనీరు సుమీత్ మిక్సీ చేసినప్పుడు మన రుబ్బుడికి తట్టుకునే గట్టి మోటారు పెట్టింది అందుకే. అడుగున ఎర్ర బటన్ ఒకటి ఉంటుంది చూడండి, లోడు ఎక్కువైతే మోటారు కాలకుండా ఆగిపోవడానికి. ఆ బటన్ సంగతి కొన్నవాడికన్నా వాడిన ఆవిడకే బాగా తెలుసు.

మా ఇంట్లోకి మిక్సీ వచ్చింది 1987లో, వాయిదాల మీద. అంతకుముందు మా అమ్మ రోజూ తెల్లారకముందే రుబ్బురోలు దగ్గర కూర్చునేది. కుడిచేత్తో పొత్రం తిప్పుతూ ఎడంచేత్తో పప్పు తోసేది. ఆ రోజుల్లో ఆవిడ కుడి భుజం ఎడమదానికన్నా కాస్త కిందికి దిగి ఉండేది. మిక్సీ మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఆ చప్పుడికి రెండడుగులు వెనక్కి వేసింది. వారం తిరక్కముందే పాత చీర కొంగుతో దానికి తొడుగు కుట్టింది, అంచు మీద ఆకుపచ్చ పూలు. ఆ తొడుగు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. ప్రకటన అబద్ధాలు చెప్పింది, నిజమే. వస్తువు మాత్రం చాలామంది భుజాలు నిలబెట్టింది. మీ పేరడీ ప్రకటన గొంతుని ఆటపట్టించాలి గానీ ఆ తొడుగు కుట్టిన మనిషిని కాదు.

పక్కింటావిడకి మన యాస పెట్టింది కూడా ఆలోచించే. ఆ కాలం ప్రకటనల్లో శ్రీకాకుళం మాట నాకు ఒక్కసారి కూడా వినపడలేదు. సినిమాల్లో వినిపిస్తే అది పనివాళ్ళకో అమాయకులకో పెట్టేవారు. మీ స్టేజీ మీద ఆ మాట మాట్లాడే మనిషే అందరికన్నా తెలివైనది కావాలి. కరెంటు ఎంత కాలుద్దని అడిగింది ఆవిడేగా. పుస్తకాల తెలుగుకీ మన మాటకీ మధ్య ఆ తేడాలోనే సగం నవ్వు ఉంది, దాన్ని యాసని వెక్కిరించి తెచ్చుకోనక్కర్లేదు. యాస రానివాళ్ళకి ఆ పాత్ర ఇవ్వకండి. ఆమదాలవలస నుంచో పాలకొండ నుంచో వచ్చే అమ్మాయి మీ క్లాసులో ఉంటుంది, ఆ అమ్మాయిని ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడనివ్వండి.

పది నిమిషాలకి ఒక్క పనసోమాటిక్ చాలదు. మొదట కుక్కర్ ప్రకటన నలభై సెకన్లు, తర్వాత ఇది నాలుగు నిమిషాలు. మిగతాదానికి తొంభైల చివర్లో కేబుల్ టీవీలో మధ్యాహ్నం పూట వచ్చిన టెలిషాపింగ్ తీసుకోండి. అది వేరే జాతి. విదేశీ మనుషులు, తెలుగు డబ్బింగ్. పెదాలు ఒకటి అంటాయి, మాట ఇంకోటి. మాట అయిపోయాక కూడా పెదాలు ఆడుతూనే ఉంటాయి, లేదా నోరు మూసుకున్నాక మాట వస్తుంది. స్టేజీ మీద దీనికన్నా సులువుగా పండేది లేదు. ఇద్దరు మధ్యలో నిలబడి పెదాలు మాత్రమే ఆడించాలి, ఇద్దరు పక్కన మైకు దగ్గర గొంతు ఇవ్వాలి. పెదాలవాళ్ళు పొడుగ్గా, చేతులు ఊపుతూ ఆరేడు సెకన్లు ఆవేశంగా మాట్లాడితే, మైకులోంచి "అవును." అని ఒక్కమాట రావాలి. ఆ తర్వాత పెదాలు చిన్నగా ఒక్కసారి కదిలితే, మైకులో ఊపిరాడనంత పెద్ద వాక్యం. దీనికి యంత్రం ఏదైనా పరవాలేదు, అట్లకాడ అయినా సరే. ఇక్కడ భాష కూడా డబ్బింగ్ భాషే ఉండాలి: "ఓ, నేను నా కళ్ళను నమ్మలేకపోతున్నాను! నా జీవితం పూర్తిగా మారిపోయింది!" మన ఇంట్లో అట్లకాడ పట్టుకుని ఎవరూ అలా మాట్లాడరు, అందుకే నవ్వొస్తుంది. గొంతు ఇచ్చేవాళ్ళు పెదాలవాళ్ళని చూడకుండా సాధన చెయ్యండి. ముందుగా చేతి సైగలతో లెక్క కుదుర్చుకోండి. నలుగురూ కనీసం పది రోజులు కలిసి కూర్చోవాలి. ఇది బయటికి కనిపించినంత సులువు కాదు.

ఎక్కడ ముగించాలని అడిగారు. ప్రకటనకి ముగింపు ఉండదు, మధ్యలో తెగి ఇంకోటి వస్తుంది. మీరూ అలాగే చెయ్యండి. టెలిషాపింగ్ మంచి జోరులో ఉండగా లైటు ఆర్పి, మొదట వాడిన కుక్కర్ పాట మళ్ళీ రెండు లైన్లు వేసి, ఒక్క క్షణం పనసోమాటిక్ పెట్టె మీద లైటు పెట్టండి. లోపలినుంచి మెల్లగా టక, టక. ఆర్పెయ్యండి.

కొన్ని పని మాటలు. బాపూజీ కళామందిర్ లాంటి పెద్ద హాల్లో అయితే వెనకవరసకి చేతి కదలికలు కనిపించవు, కాబట్టి కింద కంత మోకాళ్ళ దగ్గర కాకుండా నడుము ఎత్తులో పెట్టండి, లోపల ఒక స్టూలు వెయ్యండి. కత్తి శబ్దానికి రికార్డు పెట్టకండి. లోపలున్న అబ్బాయి చెక్క మీద నిజంగా కొడితేనే ప్రాణం వస్తుంది, పక్కన ఒక చిన్న మైకు చాలు. పదునున్న కత్తి మాత్రం వద్దు, చీకట్లో ఇరుకులో చెయ్యి తెగుతుంది, మొద్దు చెక్క ముక్కతో కొట్టించండి. పొట్టు ఇంట్లో ముందే తరిగి తడిగుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టుకోండి. పైన వేసే కాయ మాత్రం నిజందే ఉండాలి, చిన్నది, రెండు చేతులా పట్టుకుని ఎత్తేది. లోపల దాన్ని పట్టుకోవడానికి ఒక గోనెసంచి కట్టండి, లేకపోతే అబ్బాయి నెత్తిమీద పడుతుంది. పెట్టెకి వెనక వైపు గాలికి పెద్ద కంత కొయ్యండి, లోపల ఐదు నిమిషాలు చాలా వేడి.

పాట సంగతి: పాత ప్రకటన పాటలు నేరుగా వాడకండి. మీ సంగీతం అమ్మాయిల చేత నాలుగు లైన్లది కొత్తది కట్టించండి. చివరి మాట యంత్రం పేరే కావాలి, రెండోసారి వినేసరికి హాలంతా కలిసి పాడేలా ఉండాలి.

పొట్టు తరిగే రోజు చేతులకీ కత్తిపీటకీ ముందే నూనె రాసుకోండి. పనస జిగురు ఒకసారి పట్టిందంటే సబ్బుకి వదలదు, చీర కట్టుకుని స్టేజీ ఎక్కాల్సిన పిల్లలు మీరు. మిగిలిన పొట్టు పారెయ్యకండి, ఆవ పెట్టి వండి ఆ పూట రిహార్సల్‌కి వచ్చినవాళ్ళందరికీ పెట్టండి.